గుర్తుకి ఇచ్చిన మాట

కాలేజీలో బుద్ధిగా పాఠాలు చెప్పుకోక రాజకీయాల్లోకి వెళ్ళి పాడైపోయిందని మా స్టాఫ్ రూములో అనుకునేవారు. పాఠాలు చెప్పీ చెప్పీ పాడైపోయింది, ఈవిడకి రాజకీయం ఒంటపట్టదని పార్టీ ఆఫీసులో అనుకునేవారు. రెండు మాటలూ నా వెనకాలే అన్నారు, రెండూ నా చెవిన పడ్డాయి. ఎవరేమనుకున్నా నాకు బాధ లేదు. ఒక ఊరి మంచినీళ్ళ చెరువు గురించి ఉద్యోగం వదులుకున్నాను, ఆ చెరువు గురించే పార్టీలో చేరాను, ఆ చెరువు గురించే పార్టీలోంచి బయటికొచ్చాను. నా రాజకీయ జీవితమంతా కలిపితే అంతే. అది చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే చెబుతాను.

నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో సోషియాలజీ లెక్చరర్‌ని. మాది రామచంద్రపురం దగ్గర, వరి చేలూ కొబ్బరి తోటలూ ఉన్న ఊరు. సోషియాలజీ అంటే ఏంటో మా చుట్టాలకి చివరిదాకా బోధపడలేదు. మా పెద్దత్త మాత్రం "జనం సంగతులు చెప్పే చదువు" అని అందరికీ చెప్పేది. నేను క్లాసులో చెప్పే నిర్వచనాల కంటే అదే నయం. నిజానికి మా డెల్టాలో ఆ చదువుకి కాలేజీ అక్కర్లేదు. మాకు మర్యాద ఎక్కువ కదా, నీ కులమేంటని ఎవరూ అడగరు. "మీదేవూరండి?" అంటారు. "ఇంటిపేరేంటండి?" అంటారు. అప్పటికీ తేలకపోతే ఫలానావారు మీకేమవుతారని అడుగుతారు. కాఫీ అయ్యేసరికి మన పుట్టుపూర్వోత్తరాలన్నీ వాళ్ళకి తెలిసిపోతాయి, మనం మాత్రం ఎంత మంచివాళ్ళో అనుకుంటూ లేచి వస్తాం.

తొంభైల నడుమ ఒక వేసవిలో మా విద్యార్థుల్ని తీసుకుని కాలవ చివరి ఊరికి వెళ్ళాను. ఆ ఊరి తరవాత ఉప్పుటేరు, దాని తరవాత సముద్రం. ఊళ్ళో అందరూ చేపలు పట్టుకునే కుటుంబాలవాళ్ళు. వేసవిలో కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకుని, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా దాని మీదే బతుకుతారు. తాతలనాటి నుంచీ అంతే. మేం వెళ్ళేసరికి ఆ చెరువు చుట్టూ వరి చేలు లేవు. ఎటు చూసినా రొయ్యల చెరువులు, ఏట్లోంచి ఉప్పునీళ్ళు తోడే ఇంజన్ల మోత. ఆ ఉప్పునీళ్ళు భూమిలోకి దిగి మంచినీళ్ళ చెరువులోకి ఊరాయి.

ఆ ఊరి కులపెద్దకి ఒక అక్క ఉంది, చేపలమ్ముకునే మనిషి. ఊరంతా ఆవిడని మామ్మ అనేవారు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పాలు పోస్తే విరిగిపోతున్నాయని పాలు లేకుండానే ఇచ్చింది. నోట్లో పెట్టుకుంటే పంచదార వెనకాలే ఉప్పు తగిలింది. మా పిల్లల్లో ఒకమ్మాయి మింగలేక, ఉమ్మలేక నా మొహం చూసింది. మామ్మకి సిగ్గేసింది. "ఏమనుకోకండి పంతులమ్మగారూ. మా ఇంట్లో టీకి పేరుండేదండి" అంది. కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా ఉడకడం లేదనీ, చంటిపిల్లలకి ఒళ్ళంతా పొక్కులొస్తున్నాయనీ, పడవ మీద పై ఊరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకోవడానికి సగం రోజు పోతోందనీ పక్కనున్న ఆడవాళ్ళు చెప్పారు. నీళ్ళు పాడుచేసినవాడు ఎక్కడో చల్లగా ఉన్నాడు. టీ బాలేదని మామ్మ నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది. నాకు కోపం అక్కడే మొదలైంది.

ఆ రొయ్యల చెరువుల్లో చాలా భాగం ఒకే ఆసామివి. అప్పటి అధికార పార్టీలో పలుకుబడి ఉన్న మనిషి. నేను చూసిందంతా రాసి ఆఫీసులకి పంపాను. ఒక అధికారి జీపులో వచ్చాడు. చెరువు గట్టు మీద నిలబడి, తనతో తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తాగి, ఈ చెరువు నీళ్ళు తాగడానికి పనికొస్తాయని రాసి వెళ్ళిపోయాడు. తరవాత మా కాలేజీ కమిటీ పెద్దాయన పిలిచారు. ఆసామి ఆయనకి వియ్యంకుడు. కాఫీ ఇప్పించి, ఎంతో ఆప్యాయంగా, "మీకెందుకండి ఇవన్నీ? కోలాటాల మీదో, జాతర్ల మీదో రాసుకోవచ్చు కదండి" అన్నారు. జనం ఆడే ఆటల మీద రాస్తే చదువట, తాగే నీళ్ళ మీద రాస్తే రాజకీయమట. రాజకీయం ఎవరు చేస్తున్నారో నాకర్థమైంది. ఆ తరవాత నాకు రావలసిన ప్రమోషన్ నా వెనక చేరినాయనకి వెళ్ళింది. పిల్లల్ని ఊళ్ళకి తీసుకెళ్ళడానికి అనుమతి ఆగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లో ప్రతిపక్ష పార్టీ జిల్లా నాయకుడు మా ఇంటికొచ్చారు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నారు. నేను రాసింది మొత్తం చదివానన్నారు. కొంతైనా చదివినట్టే ఉన్నారు, అప్పటికి నాకది చాలు. మీలాంటివారు బయట నుంచి ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు, లోపలికి రండి, ముందు ఆ చెరువు సంగతే చూద్దామన్నారు. నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. మా వారిది బ్యాంకు ఉద్యోగం, ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు. నీ ఇష్టం, స్టేజీ ఎక్కితే మాత్రం క్లాసులో అరిచినట్టు అరవకు, అక్కడ మైకుంటుందని మాత్రం అన్నారు.

ప్రతిపక్షమంటే ఎండలో కూర్చోవడమని చేరాక తెలిసింది. కలెక్టరాఫీసు ముందు కూర్చున్నాం, ఆర్డీవో ఆఫీసు ముందు కూర్చున్నాం. ఒకసారి ఊరి ఆడవాళ్ళు చెరువు నీళ్ళు బిందెలతో తెచ్చి, గ్లాసుల్లో పోసి అధికారుల బల్ల మీద పెట్టారు. ఒక్కరూ ముట్టుకోలేదు. పోలీసులు మమ్మల్ని వ్యానెక్కించి, ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టి, సాయంత్రానికి వదిలేశారు. అక్కడ మంచినీళ్ళిచ్చారు. అరెస్టయి వచ్చి కూడా మామ్మ ఆ నీళ్ళు సీసాలో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

ఇవేవీ నాకు కష్టమనిపించలేదు. నన్ను విసిగించినవి వేదికలు. సభ ఎక్కడ పెట్టినా నా కుర్చీ చివర్నే ఉండేది, మైకు నా దాకా వచ్చేసరికి టైమైపోయేది. దండ వేయాలన్నా శాలువా కప్పాలన్నా మాత్రం పేరు పెట్టి పిలిచేవారు. నేను ప్రొఫెసర్‌ని కాదు మొర్రో అన్నా వినకుండా "మన ప్రొఫెసర్ మేడం గారు" అని పరిచయం చేసేవారు. నా చదువుతో వాళ్ళకి ఒకటే అవసరం. ఏ ఊళ్ళో ఏ కులంవాళ్ళు ఎంతమందో చెప్పమనేవారు. ఏ ఊళ్ళో నీళ్ళు బాలేవో చెబుతాను రాసుకోండన్నాను. నేనేదో హాస్యమాడినట్టు నవ్వారు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయనగా నాయకుడిని ఆ ఊరికి తీసుకెళ్ళాను. ఆయన అమ్మవారి గుడి ముందు నిలబడి మైకు అందుకున్నారు. "ఈ చెరువు ఇవాళ్టి నుంచి నాదండి. దీంట్లో మంచినీళ్ళు నింపేదాకా మీ ఊళ్ళో టీ తాగను" అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంకో ఊళ్ళో సభ ఉందని ఆయన అప్పుడే కారెక్కి వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను.

ఆ ఊరికొక కట్టుబాటుంది. ఊరంతటికీ సంబంధించిన విషయాన్ని పెద్దలు కూర్చుని తేలుస్తారు. తేల్చాక, అమ్మవారి ఎదుట తాంబూలం చేతిలో పెట్టి అవతలివాళ్ళకి మాటిస్తారు. ఆ తరవాత ఊళ్ళో ఎవరూ దాన్ని దాటరు. దాటినవాళ్ళని చేపల వేటకి కలుపుకోరు, శుభకార్యాలకి పిలవరు. ఓటు విషయంలోనూ అంతే.

ఆ రోజు పెద్దలు చాలాసేపు మాట్లాడుకున్నారు. మాటివ్వడానికి అందరూ సిద్ధమే, ఎవరికివ్వాలన్న దగ్గర ఆగిపోయారు. అభ్యర్థి ఎవరో పార్టీ ఇంకా చెప్పలేదు. టికెట్ నాకే వస్తుందని అందరూ అనుకుంటున్నారు, నేనూ అనుకుంటున్నాను. కానీ ఖాయం కాని పేరు మీద అమ్మవారి ఎదుట మాట ఎలా ఇస్తారు? చివరికి కులపెద్ద తేల్చాడు. మనుషులు మారినా గుర్తు మారదు కాబట్టి గుర్తుకే ఇద్దామన్నాడు. వాళ్ళకది సబబుగా తోచింది. బ్యాలెట్ కాయితం మీద వాళ్ళు చూసేది గుర్తునే, ముద్ర వేసేదీ గుర్తు పక్కనే. మనిషి మోసం చేస్తాడేమో గానీ గుర్తు ఎలా చేస్తుందనుకున్నారు. నాయకుడు లేరు కాబట్టి ఆయన తరఫున తాంబూలం నా చేతిలో పెట్టారు. నేను కళ్ళకద్దుకుని తీసుకున్నాను.

టికెట్లు ఖాయం చేసే వేళకి రొయ్యల ఆసామి అధికార పార్టీ వదిలి మా పార్టీలో చేరాడు. అక్కడ ఆయనకి టికెట్ రాలేదు, ఇక్కడ వచ్చింది. పొద్దున్న కండువా కప్పారు, సాయంత్రానికి ఆయనే మా అభ్యర్థి. ఎవరి చెరువుల వల్ల మేం ఇన్నేళ్ళు ఎండలో కూర్చున్నామో, మా గుర్తు ఇప్పుడు ఆయనది.

నాయకుడు నన్ను రాజమండ్రిలో ఒక హోటల్ గదికి పిలిపించారు. ఆసామి కూడా అక్కడే ఉన్నాడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మీరు ఉద్యోగం వదిలేశారని విని ఎంతో బాధపడ్డానన్నాడు. నాయకుడు సోఫాలో ముందుకి జరిగి, మీరు అర్థం చేసుకోవాలని మొదలుపెట్టారు. సామాజిక సమీకరణాలన్నారు, మీకు నేను చెప్పాలా, మీ సబ్జెక్టే కదండి అన్నారు. అధికారంలోకి వస్తే ఏదో కార్పొరేషన్‌కి చైర్‌పర్సన్ పదవి నా కోసం అనుకుంటున్నామన్నారు. మరి చెరువు సంగతేంటని అడిగాను. అది ఈయనే చూసుకుంటారు, ఈయనకి తెలియని చెరువా అన్నారు. ఆసామి వినయంగా తలూపాడు. ఇదంతా ఎలాగో దిగమింగేదాన్నేమో. తరవాత అన్నది దిగమింగలేకపోయాను.

"ఆ ఊరి గురించి మీకు బెంగ అక్కర్లేదండి. వాళ్ళు మాటిచ్చింది గుర్తుకే కదా, ఓట్లెక్కడికీ పోవు" అన్నారు.

ఇద్దరూ నవ్వారు. మోసం చేయడం రాజకీయాల్లో మామూలేనని నాకూ తెలుసు, అంత అమాయకురాలిని కాను. కానీ వీళ్ళు ఆ ఊరి నిజాయితీని చూసుకుని ధీమాగా ఉన్నారు. తన నీళ్ళు పాడుచేసిన మనిషికి ఆ ఊరు ఊరంతా వరసలో నిలబడి ముద్ర వేస్తుంది, అమ్మవారి ఎదుట మాటిచ్చింది కాబట్టి. మామ్మ వేస్తుంది, పొక్కుల పిల్లల తల్లులు వేస్తారు. అది తెలిసే ఈ పెద్దమనుషులు బిస్కెట్లు తింటున్నారు. నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టాను. కాస్త గట్టిగానే పెట్టానేమో, సాసరు పగిలింది. అరవకుండానే లేచి వచ్చేశాను.

స్వతంత్రంగా నిలబడమని నా పాత విద్యార్థులు పట్టుబట్టారు. చుట్టుపక్కల నాకు మంచి పేరుంది, ఆ ఊరు నాతో ఉంటే ఏటి వెంబడి ఊళ్ళన్నీ కదులుతాయన్నారు. నాకూ ఆశ పుట్టింది, పుట్టలేదంటే అబద్ధం. కులపెద్ద దగ్గరికి వెళ్ళి, ఇచ్చిన మాటకి విడుపు ఏదైనా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. తాంబూలం తీసుకున్న మనిషే, తీసుకున్న చోటే, అందరి ఎదుటా తిరిగిచ్చేయాలి. అప్పుడు ఊరి మీద కట్టు ఉండదు. కానీ ఆ తరవాత ఆ మనిషికీ ఊరికీ మధ్య మళ్ళీ మాట నడవదు. తన కోసమైనా, మరొకరి కోసమైనా ఆ మనిషి ఇంక ఆ ఊరిని ఓటు అడగకూడదు.

అంటే ఊరిని విడిపిస్తే నా రాజకీయం అక్కడితో సరి. నేను నిలబడాలంటే, ఊరు ఆసామికి కట్టుబడి ఉండాల్సిందే. ఈ సంగతి నాయకుడి దాకా వెళ్ళినట్టుంది, మనిషిని పంపారు. తాంబూలం పార్టీకిచ్చింది, తిరిగివ్వడానికి మీరెవరని అడిగించారు. ఊరు మాటిస్తుంటే ఆగకుండా కారెక్కి వెళ్ళినాయన ఎవరో ముందు అది చెప్పమనండని తిప్పి పంపాను.

మా వారు బజారుకి వెళ్ళి తమలపాకులు తెచ్చిపెట్టారు. వాటిని తడిగుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చాయి, పెద్దలు గుడి ముందుకి చేరారు. ఆడవాళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. ఆకులు, వక్కలు, అరటిపళ్ళు నా చేతుల్లో పెట్టుకుని కులపెద్ద ముందు నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపలేదు.

"పంతులమ్మగారూ, ఇది మేం తీసేసుకుంటే మీకూ మాకూ మధ్య ఇంక మాటుండదండి. రేపు మీరొచ్చి గుమ్మంలో నించున్నా మేం ఓటెయ్యలేం. బాగా ఆలోచించుకోండి" అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చానండి. మీ ఓట్లు మీవి. తీసుకోండి" అన్నాను.

తీసుకున్నాడు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. నేను త్యాగం చేశానని తరవాత కొందరు మెచ్చుకున్నారు గానీ, ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ తాంబూలం తెచ్చి ఇవ్వవలసింది నేనా? టీ తాగనన్న మనిషి, కండువా కప్పించుకున్న మనిషి వచ్చి ఆ గుడి ముందు తలవంచుకుని నిలబడాలి. వాళ్ళనెవరూ రమ్మనలేదు, వాళ్ళు రారని అందరికీ తెలుసు. మాట తప్పినవాళ్ళకి ఏ కట్టుబాటూ లేదు, మాట మీద నిలబడేవాళ్ళకే అన్ని కట్టుబాట్లూ. మా శాస్త్రంలో దీనికి పేరుందేమో నేను వెతకలేదు.

ఆ ఎన్నికల్లో ఊరివాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేశారని విన్నాను. ఆసామి గెలిచాడు. నియోజకవర్గం పెద్దది, ఒక్క ఊరు కలిసిరానంత మాత్రాన ఆగే గెలుపు కాదు. పార్టీ మాత్రం మళ్ళీ ప్రతిపక్షంలోనే కూర్చుంది. కొన్నాళ్ళకి ఆయన, నియోజకవర్గం అభివృద్ధి కోసమని చెప్పి, బయల్దేరిన పార్టీలోకే తిరిగి వెళ్ళిపోయాడు. వేసవిలో ఆయన ఫోటో అంటించిన నీళ్ళ ట్యాంకర్లు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వెళ్ళేవి. ఈ ఊరికి రోడ్డు బాలేదని వచ్చేవి కావు. నాయకుడు మాత్రం మాట నిలబెట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఇంతవరకూ టీ తాగలేదు, ఆ ఊరికి మళ్ళీ వెళ్తే కదా.

నన్ను పాత కాలేజీ తిరిగి తీసుకోలేదు. నిడదవోలులో ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, రోజూ పాసింజర్ బండిలో గోదావరి దాటి వెళ్ళొచ్చేదాన్ని. వంతెన మీద అందరూ కిటికీల్లోంచి నదికి దణ్ణం పెట్టేవారు. ఇన్ని నీళ్ళు కళ్ళెదుట పోతుంటే ఆ చివరి ఊరికి బిందెడు మంచినీళ్ళు చేరవెయ్యలేని ఈ ప్రభుత్వాల్నీ, ఈ పార్టీల్నీ, ఎవరూ వినకుండా తిట్టుకుంటూ నేనూ దణ్ణం పెట్టేదాన్ని.

కొన్నేళ్ళ తరవాత మామ్మ కంటి ఆపరేషన్‌కి రాజమండ్రి వచ్చింది. కట్టు విప్పించుకుని, నల్ల కళ్ళద్దాలతో నేరుగా మా ఇంటికొచ్చింది. నాకూ మీ ఊరికీ మధ్య మాట లేదు కదా మామ్మా అన్నాను. "ఓటడక్కూడదు గానీ టీ ఇవ్వొచ్చు కదండమ్మా" అని నవ్వింది. చెరువు ఎలా ఉందని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆ రోజు ఆవిడకి మంచి టీ ఇవ్వాలని చిక్కటి పాలు కాచి, యాలకులు దంచి వేసి, శ్రద్ధగా పెట్టాను. రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేసింది.

బాలేదా మామ్మా అని అడిగాను. అదేం లేదంది. మళ్ళీ అడిగితే మొహమాటంగా నా వైపు చూసింది.

"ఏమనుకోకండి పంతులమ్మగారూ. చప్పగా ఉందండి. కాసింత ఉప్పేసి ఇత్తారా?" అంది.

ఆ ఆసామీ, ఆ నాయకుడూ, సీసా నీళ్ళు తాగి సంతకం పెట్టిన అధికారీ, వియ్యంకుడి కోసం నన్ను కోలాటాల మీద రాసుకోమన్న పెద్దాయనా, అందరూ వచ్చి మా వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట వినాలనిపించింది. టీకి పేరున్న ఇల్లు మామ్మది. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను. చిటికెడు వేసి కలిపి ఇచ్చాను. మామ్మ ఈసారి గ్లాసు ఖాళీ చేసి, బావుందండి అంది.